చిన్న కళాశాలల్లో ఆణిముత్యాల వేట

1974 డ్రాఫ్ట్‌కు కొంతకాలం ముందు మాట. అమెరికా దక్షిణ ప్రాంతంలోని అలబామా రాష్ట్రంలో, హంట్స్‌విల్ నగరం వద్ద ఉన్న అలబామా ఏ అండ్ ఎం విద్యాసంస్థకు కొందరు ప్రతిభాన్వేషకులు వచ్చారు. వృత్తి ఫుట్‌బాల్ జట్ల తరఫున కళాశాల ఆటగాళ్ళను పరీక్షించడం వీరి ఉద్యోగం. జాన్ స్టాల్‌వర్త్ అనే విద్యార్థిని 40 గజాలు పరుగెత్తించి గడియారం చూశారు. నేల తడిసి ఉండటంతో వేగం మందకొడిగా నమోదైంది. కాగితంపై ఆ అంకె రాసుకుని అందరూ తరువాతి ఊరికి బయలుదేరారు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ తరఫున వచ్చిన బిల్ నన్ మాత్రం ఒంట్లో బాగోలేదని చెప్పి అక్కడే ఆగిపోయారు. మర్నాడు ఆరిన నేల మీద అదే కుర్రవాడిని మళ్ళీ పరుగెత్తించారు. ఈసారి వచ్చిన అంకె వేరు. అది నన్ జేబులోనే ఉండిపోయింది. ఆ కుర్రవాడు తరువాత నాలుగు సూపర్ బౌల్ విజయాల్లో పాలుపంచుకుని, 2002లో వృత్తి ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు సంపాదించాడు.

ప్రతిభ ఉండి కూడా ఎవరి కంటా పడని కళాశాల ఆటగాళ్ళను వెదికి పట్టుకోవడం అమెరికా వృత్తి ఫుట్‌బాల్‌లో ఒక ప్రత్యేక విద్య. దాని చరిత్రను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. మరుగున పడిన ఆటగాళ్ళెవరూ ఎక్కడో దాగి ఉన్నవారు కారు. వారం వారం ప్రేక్షకుల ముందు ఆడుతూనే ఉన్నారు. చూడవలసినవారే ఆ వైపు వెళ్ళలేదు.

వేలం కాదు, వంతు

మన దగ్గర ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడే ఆట. అమెరికాలో ఆ పేరుతో పిలిచేది కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతులతో విసురుతూ, పట్టుకుని పరుగెడుతూ, ఎదుటివారిని ఢీకొంటూ సాగే వేరొక ఆట. జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌గా వ్యవహరించే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లు ఉన్నాయి. డాలస్ పరిసరాల్లోని ఫ్రిస్కో, ప్లేనో పట్టణాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ఆట కొత్త కాదు. డాలస్ కౌబాయ్స్ జట్టు ప్రధాన కార్యాలయం 2016 నుంచి ఫ్రిస్కోలోనే ఉంది. అక్కడి బడుల్లో చదివే పిల్లలు సెలవులకు స్వగ్రామాలకు వచ్చినప్పుడు తాతయ్యలకు ఈ ఆట నియమాలు వివరించబోయి సగంలో విరమించుకోవడం సహజం.

ఈ లీగ్‌లోకి కొత్త ఆటగాళ్ళు వచ్చే ప్రధాన ద్వారం డ్రాఫ్ట్. ఐపీఎల్ వేలంలో ఎక్కువ సొమ్ము పలికిన జట్టుకు ఆటగాడు దక్కుతాడు. డ్రాఫ్ట్‌లో వేలం లేదు, వంతులే ఉంటాయి. గడచిన సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టుకు మొదటి వంతు, విజేతకు చివరి వంతు. ఇలా ఏడు రౌండ్లు సాగుతాయి. ఒక జట్టు ఎంచుకున్న ఆటగాడితో మరొక జట్టు ఒప్పందం చేసుకోరాదు. వంతులను జట్లు పరస్పరం మార్చుకోవచ్చు. ఉన్నత పాఠశాల విడిచి మూడేళ్ళు పూర్తయిన వారే ఇందుకు అర్హులు. 2025 ఏప్రిల్‌లో గ్రీన్ బే నగరంలో జరిగిన డ్రాఫ్ట్‌లో 257 మంది ఎంపికయ్యారు. కళాశాల క్రీడల నిర్వహణ సంస్థ ఎన్‌సీఏఏ పరిధిలోనే ఫుట్‌బాల్ ఆడే విద్యార్థులు 70 వేలకు పైగా ఉన్నారు. ద్వారం ఎంత ఇరుకైనదో ఈ రెండు అంకెలే చెబుతాయి.

ఆ ద్వారం ఒకప్పుడు ఇంకొంత వెడల్పుగా ఉండేది. 1967 నుంచి 1976 వరకు డ్రాఫ్ట్‌లో 17 రౌండ్లు ఉండేవి. తరువాత 12కు తగ్గించారు. 1994 నుంచి ఏడు రౌండ్లే నడుస్తున్నాయి. దీనితో చివరి రౌండ్లలో చిన్న కళాశాలల ఆటగాళ్ళపై సరదాగా ఒక పందెం వేసి చూసే వెసులుబాటు జట్లకు లేకుండా పోయింది. ఎంపిక కానివారు ఏ జట్టుతోనైనా విడిగా ఒప్పందం చేసుకోవచ్చు గాని, వారికి ముందుగా ముట్టే సొమ్ము అత్యల్పం. 2025లో మొదటి ఎంపికగా నిలిచిన ఆటగాడికి నాలుగేళ్ళకు 4.8 కోట్ల డాలర్లకు పైగా హామీ లభించింది. అదే ఏడాది ఎంపిక కాక, శిబిరంలో నెగ్గి జట్టులో నిలిచిన కొత్త ఆటగాడికి సీజన్ మొత్తానికి కనీస వేతనం 8 లక్షల 40 వేల డాలర్లు. వేసవి శిబిరానికి 90 మంది వస్తారు. ఆగస్టు నెలాఖరుకు 53 మంది మిగులుతారు. సాధన బృందంలో మరికొందరికి చోటు దొరుకుతుంది. తక్కినవారు ఇంటికి వెళ్ళి వేరే ఉద్యోగం చూసుకోవలసిందే.

పత్రికల కత్తిరింపులే ఆధారం

తొలి డ్రాఫ్ట్ 1936 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్‌లో జరిగింది. అప్పటికి జట్లకు ప్రతిభాన్వేషకులంటూ ఎవరూ లేరు. ఎవరు ఎక్కడ బాగా ఆడుతున్నారో తెలుసుకోవడానికి పత్రికలే దిక్కు. న్యూయార్క్ జెయింట్స్ యజమాని కుమారుడు వెల్లింగ్టన్ మారా దేశం నలుమూలల నుంచి పత్రికలు తెప్పించుకుని ఆటగాళ్ళ వివరాలు సేకరించేవారు. జట్ల సమాచారం ఎంత పలుచనిదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. చరిత్రలో మొట్టమొదటి ఎంపికగా నమోదైన షికాగో విశ్వవిద్యాలయ విద్యార్థి జే బర్‌వాంగర్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు. ఫుట్‌బాల్ కంటే మెరుగైన ఉద్యోగం దొరుకుతుందని వేరే దారి చూసుకున్నాడు.

పత్రికల్లో పేరు పడనివాడు జట్లకు తెలియడు. పెద్ద పత్రికల విలేకరులు పెద్ద విశ్వవిద్యాలయాల ఆటలకే వెళ్ళేవారు. అందుచేత దక్షిణ రాష్ట్రాల్లోని నల్లజాతీయుల కళాశాలలు పూర్తిగా చీకటిలో ఉండిపోయాయి. చాలా విశ్వవిద్యాలయాల్లో వారికి ప్రవేశమే లేని కాలమది. ఎంత గొప్ప ఆటగాడైనా ఆ కళాశాలల్లోనే చదవాలి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సైతం 1934 నుంచి 1945 వరకు నల్లజాతి ఆటగాడు ఒక్కడూ లేడు. ఇది చూపు లోపం కాదు, చూడకూడదన్న కట్టడి. ఆ కట్టడి సడలిన తరువాత కూడా చూసే అలవాటు లేకపోవడం వల్ల చాలా ఏళ్ళు అదే పరిస్థితి కొనసాగింది.

లాస్ ఏంజెలిస్ రామ్స్ జట్టు ఎడ్డీ కోటల్ అనే శిక్షకుడిని ఈ అన్వేషణకే పూర్తికాలం నియమించుకుంది. ఊరూరా తిరిగి కళాశాలలను చూసి రావడం ఆయన పని. 1949లో రామ్స్ జట్టు లూసియానా రాష్ట్రంలోని గ్రాంబ్లింగ్ కళాశాల నుంచి పాల్ యంగర్‌ను తీసుకుంది. డ్రాఫ్ట్‌లో ఇతడిని ఏ జట్టూ ఎంచుకోలేదు. నల్లజాతీయుల కళాశాల నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్ళిన మొదటివాడు ఇతడే. నువ్వు విఫలమైతే మనలో అత్యుత్తముడినే తీసుకున్నామని, అతడే నిలవలేకపోయాడని చెప్పి తలుపు మూసేస్తారని గ్రాంబ్లింగ్ శిక్షకుడు ఎడ్డీ రాబిన్సన్ ఇతడిని హెచ్చరించి పంపారు. యంగర్ నిలిచాడు. ఆట విడిచాక తానే ప్రతిభాన్వేషకుడిగా మారడం విశేషం.

1960లో ఎన్‌ఎఫ్‌ఎల్‌కు పోటీగా అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఆట ప్రారంభించింది. కొత్త దుకాణానికి పాత దుకాణం వదిలేసిన సరుకే దిక్కు. ఈ లీగ్‌లోని కాన్సస్ సిటీ చీఫ్స్ జట్టు లాయిడ్ వెల్స్‌ను పూర్తికాల అన్వేషకుడిగా నియమించింది. వృత్తి ఫుట్‌బాల్‌లో ఆ ఉద్యోగం పొందిన తొలి నల్లజాతీయుడు ఆయనే. అంతకు ముందు హ్యూస్టన్ నగరంలో పత్రికా ఛాయాగ్రాహకుడిగా, విలేకరిగా పనిచేశారు. ప్రెయిరీ వ్యూ కళాశాలకు చెందిన ఓటిస్ టేలర్‌ను పోటీ లీగ్ మనుషులు ఒక మోటెల్‌లో కాపలా పెట్టి ఉంచితే, వెల్స్ వెనుక కిటికీ గుండా అతడిని తప్పించి తీసుకుపోయిన ఉదంతం నేటికీ చెప్పుకుంటారు. 1970 జనవరిలో చీఫ్స్ సూపర్ బౌల్ గెలిచినప్పుడు టేలర్, గ్రాంబ్లింగ్ నుంచి వచ్చిన బక్ బుకానన్, మోర్గన్ స్టేట్ నుంచి వచ్చిన విల్లీ లేనియర్ ఆ జట్టులో కీలకంగా నిలిచారు.

విలేకరి చేతికి జట్టు పగ్గాలు

పిట్స్‌బర్గ్ స్టీలర్స్ 1933లో ఆవిర్భవించిన జట్టు. దాదాపు 40 ఏళ్ళపాటు నాకౌట్ దశలో ఒక్క ఆట కూడా గెలవలేదు. అదే నగరం నుంచి వెలువడే పిట్స్‌బర్గ్ కొరియర్ పత్రిక మాత్రం నల్లజాతి పాఠకుల్లో దేశమంతటా పేరుపొందింది. బిల్ నన్ ఆ పత్రికలో క్రీడా విలేకరి. నల్లజాతీయుల కళాశాలల నుంచి ఏటా అత్యుత్తమ జట్టును ఎంపిక చేసి కొరియర్‌లో ప్రకటించేవారు. ఇందుకోసం ఆ కళాశాలలన్నీ తిరిగారు. శిక్షకులతో కలిసి భోజనం చేశారు. పెద్ద లీగ్ నుంచి ఒక్కరూ రాని రోజుల్లో ఆయన ఏళ్ళ తరబడి ఆ మైదానాల అంచున నిలబడి ఆట చూశారు.

స్టీలర్స్ జట్టు ఈ కళాశాలలను పట్టించుకోవడం లేదని, తమ పత్రికకు తగిన గౌరవం ఇవ్వడం లేదని నన్‌కు అసంతృప్తి ఉండేది. ఆ సంగతి జట్టు యజమాని కుటుంబానికి చెందిన డాన్ రూనీ చెవిన పడింది. రూనీ ఆయనను పిలిపించి, తప్పేమిటో చెప్పమన్నారు. చెప్పాక, అయితే మీరే వచ్చి సరిచేయండని ఉద్యోగమిచ్చారు. విమర్శించిన విలేకరిని పిలిచి పని అప్పగించడం ఏ దేశంలోనైనా అరుదే. 1960వ దశకం చివరలో నన్ మొదట పాక్షికంగా, తరువాత పూర్తికాలం స్టీలర్స్‌లో చేరారు. 1969లో చక్ నోల్ ప్రధాన శిక్షకుడయ్యారు. జట్టు యజమాని మరో కుమారుడు ఆర్ట్ రూనీ జూనియర్ అన్వేషణ విభాగాన్ని నడిపేవారు. ముగ్గురికీ పొత్తు కుదిరింది.

ఫలితాలు వెంటనే కనిపించసాగాయి. 1969లో ఆర్కన్సా రాష్ట్రం నుంచి ఎల్.సి. గ్రీన్‌వుడ్ పదో రౌండ్‌లో వచ్చాడు. 1970లో సదరన్ విశ్వవిద్యాలయం నుంచి మెల్ బ్లౌంట్ మూడో రౌండ్‌లో వచ్చాడు. 1974 డ్రాఫ్ట్ వీటన్నింటికీ తలమానికం. స్టాల్‌వర్త్‌ను మొదటి రౌండ్‌లోనే తీసుకోవాలని నోల్ పట్టుబట్టారు. అతడి విలువ తమకు తప్ప ఎవరికీ తెలియదని, నాలుగో రౌండ్ వరకు ఆగవచ్చని అన్వేషణ విభాగం వాదించింది. ఇది జూదమే. మూడో రౌండ్‌లో స్టీలర్స్‌కు వంతే లేదు. చివరికి మొదటి రౌండ్‌లో లిన్ స్వాన్‌ను, రెండో రౌండ్‌లో జాక్ లాంబర్ట్‌ను ఎంచుకున్నారు. 82వ వంతు వచ్చేసరికి స్టాల్‌వర్త్ పేరు ఇంకా మిగిలే ఉంది. అయిదో రౌండ్‌లో మైక్ వెబ్‌స్టర్‌ను తీసుకున్నారు. ఈ నలుగురూ హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరారు. ఒక జట్టు ఒకే డ్రాఫ్ట్‌లో ఇంతటి పంట పండించిన దాఖలా మరొకటి లేదు.

కథ అక్కడితో ఆగలేదు. ఆ ఏడాది 17 రౌండ్లలో మొత్తం 442 మందిని జట్లు ఎంచుకున్నాయి. సౌత్ కెరొలినా స్టేట్ విద్యార్థి డానీ షెల్ ఆ 442 మందిలో లేడు. నన్ అతడిని ఒప్పించి పిట్స్‌బర్గ్ తీసుకొచ్చారు. ఆ వేసవిలో సీనియర్ ఆటగాళ్ళు సమ్మె చేయడంతో శిబిరంలో కొత్తవారికి శిక్షకుల సమయం ఎక్కువగా దొరికింది. షెల్ జట్టులో నిలదొక్కుకుని 14 సీజన్లు ఆడాడు. ప్రత్యర్థుల బంతులను 51 సార్లు మధ్యలో అందుకున్నాడు. అతడిని హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపిక చేయడానికి మాత్రం 2020 వరకు పట్టింది. 1974 నుంచి 1979 వరకు ఆరు సీజన్లలో స్టీలర్స్ నాలుగు సూపర్ బౌల్ కప్పులు గెలిచింది.

నన్ విజయ రహస్యం తడి నేల, పొడి నేల చిట్కా కాదు. అది చెప్పుకోవడానికి బాగుంటుంది, అంతే. అసలు బలం పరిచయాల్లో ఉంది. ఇతర జట్ల మనుషులు ఏడాదికి ఒకసారి వచ్చి గడియారం చూసుకుని వెళ్ళేవారు. నన్‌కు ఆ కళాశాలల శిక్షకులు ఇరవై ఏళ్ళ స్నేహితులు. ఏ కుర్రవాడికి మోకాలి నొప్పి ఉంది, ఎవడు చెప్పిన మాట వింటాడు, ఎవడు వేసవిలో కూలికి వెళ్ళి వచ్చి కూడా సాధన మానడు అన్నది ఆయనకు ఫోన్‌లో తెలిసేది.

క్రికెట్ తెలిసినవాడి కంప్యూటర్

ఇదే కాలంలో డాలస్ కౌబాయ్స్ జట్టు మరో మార్గం పట్టింది. ఈ అధ్యాయంలో భారతీయుల పాత్ర ఉందన్నది చాలామందికి తెలియదు. కౌబాయ్స్ మేనేజర్ టెక్స్ ష్రామ్ 1960 శీతాకాల ఒలింపిక్స్‌లో కంప్యూటర్ల వినియోగం చూసి, ఆటగాళ్ళ ఎంపికకు అది పనికిరాదా అని ఆలోచించారు. ఐబీఎం అనుబంధ సంస్థను సంప్రదించగా, భారతదేశం నుంచి వెళ్ళిన గణాంక నిపుణుడు సలాం ఖురేషీకి ఆ పని అప్పగించారు. ఖురేషీకి క్రికెట్ తెలుసు. అమెరికన్ ఫుట్‌బాల్ తెలియదు.

తెలియకపోవడమే మేలు చేసిందని చెప్పాలి. చురుకైనవాడు, గట్టివాడు, మంచి పట్టుదల ఉన్నవాడు అంటూ అన్వేషకులు రాసే మాటలకు ఒక్కొక్కరి దృష్టిలో ఒక్కో అర్థం ఉండేది. యంత్రానికి అంకెలు కావాలి. మంచి ఆటగాడిని నిర్ణయించే వందలాది లక్షణాలను వడగట్టి చివరికి అయిదింటికి కుదించారు. నడవడిక, చురుకుదనంతో పాటు దేహంపై అదుపు, పోటీతత్వం, బుద్ధి చురుకు, బలం. వీటిలో ప్రతిదానికి అన్వేషకుడు మార్కులు వేయాలి. ఏ అన్వేషకుడు అలవాటుగా ఎక్కువ మార్కులు వేస్తాడు, ఎవడు పిసినారి అన్నది కూడా లెక్కలో తేల్చవచ్చు. కళాశాల పేరుకు మార్కులు లేవు. అందువల్ల పెద్ద విశ్వవిద్యాలయం ఆటగాడు, మారుమూల కళాశాల ఆటగాడు ఒకే పట్టికలో పక్కపక్కన కూర్చున్నారు.

అన్వేషణ విభాగాధిపతి గిల్ బ్రాంట్ ఈ అంకెలకు తోడు తన వింత చూపును జోడించారు. ఫుట్‌బాల్ ఆడనివారిలో సైతం ఆటగాళ్ళను వెదికారు. కళాశాలలో బాస్కెట్‌బాల్ మాత్రమే ఆడిన కార్నెల్ గ్రీన్‌ను తీసుకొచ్చారు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పరుగులో స్వర్ణం గెలిచిన బాబ్ హేస్‌ను, నల్లజాతీయుల కళాశాలైన ఫ్లోరిడా ఏ అండ్ ఎం నుంచి ఏడో రౌండ్‌లో ఎంచుకున్నారు. జార్జియాలోని ఫోర్ట్ వ్యాలీ స్టేట్ నుంచి రేఫీల్డ్ రైట్‌ను 1967లో ఏడో రౌండ్‌లోనే తీసుకున్నారు. హేస్, రైట్ ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కారు. బ్రాంట్‌కు సైతం 2019లో ఆ గౌరవం దక్కింది.

ఆగస్టు నుంచి ఏప్రిల్ దాకా

ఇప్పటి అన్వేషణ ఒక యంత్రాంగం. ప్రతి జట్టు దేశాన్ని ప్రాంతాలుగా విభజించి ఒక్కో ప్రాంతానికి ఒక్కో అన్వేషకుడిని నియమిస్తుంది. ఆగస్టులో కళాశాలల సాధన మొదలైనది మొదలు నవంబరు వరకు ఆయన జీవితం కారులోనే గడుస్తుంది. ఉదయం కళాశాలకు చేరి వీడియోలు చూడటం, మధ్యాహ్నం సాధన పరిశీలించడం, మధ్యలో శిక్షకుడిని, వైద్య సహాయకుడిని, చదువుల సలహాదారుని, దుస్తులు సరంజామా చూసే ఉద్యోగిని సైతం కదిలించి నాలుగు మాటలు రాబట్టడం. రాత్రి నివేదిక రాసుకుని తరువాతి ఊరికి ప్రయాణం. జనవరిలో అలబామాలోని మొబైల్ నగరంలో సీనియర్ బౌల్ అనే ప్రదర్శన పోటీ, శీతాకాలం చివర ఇండియానాపోలిస్‌లో సామూహిక పరీక్షలు, మార్చిలో కళాశాలల్లో పరీక్షా దినాలు, ఏప్రిల్‌లో డ్రాఫ్ట్.

ఇంత యంత్రాంగం ఉండి కూడా కొందరు ఎలా తప్పిపోతారన్నది ప్రశ్న. జట్లు ఖర్చు తగ్గించుకోవడానికి ఉమ్మడి అన్వేషణ సంస్థలు ఏర్పాటు చేసుకున్నాయి. 1963లో మొదలైన బ్లెస్టో వాటిలో ఒకటి. చివరి సంవత్సరంలోకి రాబోయే విద్యార్థుల జాబితాను వసంతంలోనే తయారుచేసి జట్లకు అందిస్తాయి. శరదృతువులో అన్వేషకుడి ప్రయాణం ఆ జాబితా ప్రకారమే సాగుతుంది. జాబితాలో పేరు లేని కళాశాలకు దారి మళ్ళించాలంటే ఎవరో ఒకరు పట్టుబట్టి ఫోన్ చేయాలి. ఇండియానాపోలిస్‌కు పిలుపు అందేది ఏటా మూడు వందల పైచిలుకు మందికే.

అంతకంటే ముందే జల్లెడ ఒకటి ఉంది. పెద్ద విశ్వవిద్యాలయాలు 16, 17 ఏళ్ళ వయసులోనే పిల్లలను ఎంచుకుంటాయి. ఆ వయసుకు ఎత్తు ఎదగనివాడు, గాయమైనవాడు, చదువులో మార్కులు తగ్గినవాడు, తన బడి ఆటతీరు వల్ల నైపుణ్యం బయటపడనివాడు చిన్న కళాశాలకే పోతాడు. ఎన్‌సీఏఏ మూడో శ్రేణి కళాశాలలు ఆటకు ఉపకారవేతనమే ఇవ్వవు. 20 ఏళ్ళకు అతడు ఎదిగి, బలపడి, వేరే మనిషి కావచ్చు. పాత జల్లెడ గుర్తు మాత్రం చెరగదు.

చిన్న కళాశాల ఆటగాడిని తూచడం నిజంగా కష్టమన్నదీ ఒప్పుకోవాలి. అతడి ప్రత్యర్థులు బలహీనులు. అతడు సాధించిన అంకెల్లో ఎంత అతడిదో, ఎంత ఎదుటివాడి అసమర్థతో తేల్చడానికి కొలబద్ద లేదు. అందుకే అన్వేషకులు చిన్న కళాశాల వీడియో చూసేటప్పుడు నియమం మారుస్తారు. బాగా ఆడితే చాలదు. మైదానంలో తక్కిన 21 మందీ పిల్లలు, ఇతడొక్కడే పెద్దవాడు అనిపించాలి. అలా అనిపించినవారిలో కూడా అధికులు వృత్తి శిబిరంలో నిలవలేరు. గెలిచిన కథలే చెప్పుకుంటాం గనుక ఈ సంగతి మరుగున పడుతుంది.

తూకం తప్పిన ప్రసిద్ధ ఉదాహరణ జెర్రీ రైస్. మిసిసిపీ డెల్టా పత్తి పొలాల నడుమ ఇట్టా బేనా అనే చిన్న ఊళ్ళో ఉన్న మిసిసిపీ వ్యాలీ స్టేట్ అతడి కళాశాల. తాపీ మేస్త్రీ కొడుకు. తండ్రికి సాయంగా ఇటుకలు అందుకునే పనిలోనే చేతి పట్టు కుదిరిందని అతడే చెప్పుకున్నాడు. అంకెలు అద్భుతమే గాని ప్రత్యర్థులు చిన్నవారని, 40 గజాల పరుగు నెమ్మదని పెదవి విరిచారు. శాన్ ఫ్రాన్సిస్కో శిక్షకుడు బిల్ వాల్ష్ 1984లో హ్యూస్టన్‌లో ఆటకు వెళ్ళి, ముందురోజు రాత్రి హోటల్ గది టీవీలో ఇతడి ఆట చూశారు. గడియారంలో నెమ్మదిగా కనిపించినవాడు బంతి చేతికందాక ఎవరికీ దొరకడం లేదు. 1985లో మరో జట్టుతో వంతు మార్చుకుని మరీ 16వ ఎంపికగా తీసుకున్నారు. బంతిని అందుకుని సాధించిన 22,895 గజాల రికార్డు నేటికీ రైస్‌దే.

డ్రాఫ్ట్‌కు వెలుపల నుంచి వచ్చినవారి దారి ఇంకా ముళ్ళబాట. నార్తర్న్ అయోవా విద్యార్థి కర్ట్ వార్నర్‌ను 1994లో ఎవరూ ఎంచుకోలేదు. శిబిరం నుంచి తొలగించాక కిరాణా సూపర్‌మార్కెట్‌లో రాత్రిపూట సరుకులు సర్దాడు. చిన్న లీగ్‌లలో, యూరప్‌లో ఆడి, చివరికి 1999 సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచి సూపర్ బౌల్ గెలిచాడు. వెస్ట్ అలబామా అనే రెండో శ్రేణి కళాశాలకు చెందిన మాల్కం బట్లర్ మధ్యలో చదువు ఆగి, ఫాస్ట్‌ఫుడ్ దుకాణంలో పనిచేసినవాడు. 2014లో న్యూ ఇంగ్లండ్ జట్టు ఒప్పందమైనా లేకుండా పరీక్షా శిబిరానికి రమ్మంది. మరుసటి ఫిబ్రవరిలో సూపర్ బౌల్ చివరి క్షణాల్లో, గీతకు గజం దూరంలో ప్రత్యర్థి విసిరిన బంతిని లాక్కుని జట్టును గెలిపించింది ఇతడే.

విస్కాన్సిన్ వైట్‌వాటర్ అనే మూడో శ్రేణి కళాశాల విద్యార్థి క్విన్ మైనర్జ్‌కు 2020లో కరోనా కారణంగా సీజనే లేకుండా పోయింది. చూపించుకోవడానికి ఆటే లేదు. 2021 జనవరిలో సీనియర్ బౌల్‌కు పిలుపు రావడంతో మూడు రోజుల సాధనలో పెద్ద విశ్వవిద్యాలయాల ఆటగాళ్ళను నిలువరించి చూపాడు. డెన్వర్ జట్టు 98వ ఎంపికగా తీసుకుంది. 2024లో ఆ జట్టుతో నాలుగేళ్ళకు 8 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. ఆ మూడు రోజులకు పిలుపు రాకపోయి ఉంటే అన్న ప్రశ్నకు జవాబు ఊహించడం కష్టం కాదు.

మారిన దారి

ఇటీవలి మార్పులు ఈ వేట స్వరూపాన్నే మార్చేశాయి. కళాశాల మారదలచిన విద్యార్థుల పేర్లు నమోదు చేసే పద్ధతి 2018లో వచ్చింది. మారితే ఏడాదిపాటు ఆటకు దూరంగా ఉండాలన్న నిబంధనను 2021లో సడలించారు. తమ పేరు, రూపం ఉపయోగించుకుని ప్రకటనల ద్వారా సంపాదించుకునే హక్కు అదే ఏడాది విద్యార్థులకు దక్కింది. దీనితో చిన్న కళాశాలలో ఒక్క సీజన్ మెరిసినవాడిని మరుసటి ఏడాదే పెద్ద విశ్వవిద్యాలయం డబ్బుతో సహా పిలుచుకుపోతోంది. ఎన్‌ఎఫ్‌ఎల్ అన్వేషకుడు చేసే పనిలో సగం విశ్వవిద్యాలయాల శిక్షకులే ముందుగా చేసేస్తున్నారు.

కామ్ వార్డ్ ప్రస్థానం ఇందుకు తార్కాణం. టెక్సస్‌లో అతడు చదివిన బడి జట్టు బంతి విసరడం కంటే పట్టుకుని పరుగెత్తడానికే ప్రాధాన్యమిచ్చేది. బంతి విసిరే ఆటగాడిగా అతడి సత్తా చూపే అవకాశమే రాలేదు. పెద్ద విశ్వవిద్యాలయాలేవీ పిలవలేదు. శాన్ ఆంటోనియోలోని ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడి నుంచి వాషింగ్టన్ స్టేట్‌కు, ఆపై మయామీకి మారాడు. 2025 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపిక ఇతడే. డ్రాఫ్ట్ పత్రంలో మాత్రం అతడి పేరు ఎదుట మయామీ అనే ఉంటుంది. మొదట చేరదీసిన చిన్న విశ్వవిద్యాలయం పేరు ఉండదు.

ఆటగాడికి ఇది మేలే. కళాశాలకు కాదు. ఒకప్పుడు స్టాల్‌వర్త్‌ను, షెల్‌ను, రైస్‌ను అందించిన నల్లజాతీయుల కళాశాలలు ఈ నష్టాన్ని మరింతగా అనుభవిస్తున్నాయి. పెద్ద విశ్వవిద్యాలయాల తలుపులు అందరికీ తెరుచుకోవడంతో అక్కడి ప్రతిభ దశాబ్దాలుగా అటు తరలిపోతూనే ఉంది. కొత్త నిబంధనలు ఆ ప్రవాహానికి వేగం పెంచాయి. 2021 ఏప్రిల్‌లో జరిగిన డ్రాఫ్ట్‌లో ఈ కళాశాలల నుంచి ఒక్కరూ ఎంపిక కాలేదు. ఆ ఏడాది ఆగస్టులోనే బిల్ నన్‌ను హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ఆట ఆడకుండా ఆటకు సేవ చేసినవారి విభాగంలో ఈ గౌరవం పొందిన తొలి నల్లజాతీయుడు ఆయన. అప్పటికి ఆయన మరణించి ఏడేళ్ళయింది. 2014లో 89వ ఏట మరణించేవరకు స్టీలర్స్ అన్వేషణ విభాగంతో అనుబంధం వదులుకోలేదు.

2022 జనవరిలో ఎన్‌ఎఫ్‌ఎల్ ఈ కళాశాలల ఆటగాళ్ళకు మొబైల్ నగరంలో ప్రత్యేక పరీక్షా శిబిరం నిర్వహించింది. తరువాతి నెలలో న్యూ ఆర్లియన్స్‌లో లెగసీ బౌల్ పేరిట ప్రదర్శన పోటీ మొదలైంది. గ్రాంబ్లింగ్ పూర్వ విద్యార్థులు, ఎన్‌ఎఫ్‌ఎల్ మాజీ ఆటగాళ్ళు డగ్ విలియమ్స్, జేమ్స్ హారిస్ దీని వ్యవస్థాపకులు. ఆ ఏప్రిల్‌లో నల్లజాతీయుల కళాశాలల నుంచి నలుగురు డ్రాఫ్ట్‌లో ఎంపికయ్యారు.